ముందే నీళ్ళు పోయొద్దు

హనుమంతరాయుడు దేంట్లోనూ నేరుగా నీళ్ళు పోయడు. ఇంకొకర్ని పోయనీడు. హిందూపురంలో మా పక్కింటాయన. ఊరి యాసిడ్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జిగా చేసి రిటైరైనాడు గానీ, ఫ్యాక్టరీ ఇంకా ఆయన్ని వదల్లేదు.

చారులో ఉప్పెక్కువైందని వాళ్ళావిడ సోమక్క చెంబెత్తితే చాలు, వంటింట్లోకి ఒకటే పరుగు. "నీళ్ళొద్దు. ఉప్పులేని చారు ఇంకో గిన్నె పెట్టి కలుపు." అట్ల వాళ్ళ చారు సగం మా ఇంటికే వస్తాది.

ఎందుకప్పా అంటే పాఠమే. గంధకం కాల్చి, ఆ పొగ నుంచి సల్ఫర్ ట్రైఆక్సైడ్ అని ఒకటి చేస్తారంట. దాన్ని నేరుగా నీళ్ళల్లో కలిపితే చేతికి యాసిడ్ రాదు, ఊరికి మంటపొగ వస్తాది. "ముందు దాని సొంత మనిషి, గట్టి యాసిడ్‌లో కలపాల అయివారా. ఆడ కుదురుకున్నాంక, నిమ్మళంగా నీళ్ళు." నేను బళ్ళో తెలుగు చెప్పిన అయివారిని. తలూపితిని.

మొన్న ధర్మవరంలో ఉండే మా బామ్మర్ది రంగప్ప కూతురు రాధకు ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే ఉద్యోగమొచ్చింది. కెమిస్ట్రీ చదివిన పిల్ల. సోమవారం చేరాల. యాసిడ్ కాడికి ఆడపిల్లను పంపేది లేదని రంగప్ప మగ్గం మీద నుంచే చెప్పేసినాడు. నేను పోయి గంటసేపు బుద్ధులు చెప్తే, "బావా, నీళ్ళు తాగి బస్సెక్కు" అన్నాడు.

ఆదివారం హనుమంతరాయున్ని తోడు తీసుకపోతిని. నువ్వన్నా నచ్చజెప్పు అని దారంతా బతిమలాడితిని. ఈయప్ప గడపలో కాలు పెడ్తానే రంగప్ప కంటే గట్టిగా ఎత్తుకున్నాడు.

"ఆడికి పిల్లను పంపుతారా ఎవురైనా? ఆ ఫ్యాక్టరీనే మూసేయాల. దేశంలో యాసిడ్ చుక్క ఉండకూడదు."

రాధ నన్ను చూసిన చూపు చెప్పలేను. రంగప్ప మాత్రం చాపేసి కాఫీ తెప్పించినాడు. ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీలను, కాలేజీలను, సెల్‌ఫోన్లను తిట్టినారు. తిట్లు అయిపోయినాంక రంగప్పకే అనుమానమొచ్చింది.

"చుక్క కూడా లేకుంటే ఎట్లప్పా? మా పట్టుకు రంగు పట్టేది యాసిడ్ చుక్కలేస్తేనే కదా."

"తెల్లచీరలు నేయండి."

"గిరాకీ యాడుంటాది?"

"అయితే ఆ యాసిడ్ ఎవురో ఒకరు చేయాల్నా?"

"చేయాల్సిందే."

"ఆడ చేసేవాళ్ళ చేతులు మొరటు చేతులప్పా. నా షిఫ్టులో చూసినా కదా."

రంగప్పకు రోషమొచ్చింది. "మా రాధ పట్టుపోగు ముడేస్తే అద్దాలు పెట్టుకున్నా కనపడదు. దాని చేయి నీకేం తెలుసు?"

అప్పుడు పోసినాడు హనుమంతరాయుడు నీళ్ళు, నిమ్మళంగా. "అట్లాంటి చేయే ఆడ కావాల. పాప మీ బావ ఇంట్లోనే ఉంటాది, మా పక్కనే. సోమక్క చారు పోస్తాది."

రంగప్ప నోరు తెరిచేలోగా లోపల్నుంచి రాధ బ్యాగు జిప్పు చప్పుడు వినపడింది.

తిరుగుబస్సు పెనుకొండలో ఆగితే, రాధను బ్యాగు కాడ ఉంచి టీ తాగేకి దిగితిమి. నేను రిటైరైన కొత్తలో రోజూ పొద్దున్నే వచ్చి, నాకంటే గట్టిగా బళ్ళను తిడతాంటివే, అదీ ఇట్లాంటిదేనా అని అడిగితిని. ఆయన తన టీని ఊదుకుంటా ఆరబెట్టుకున్నాడు.

నా టీ పొగలు కక్కతాండాది. రవ్వంత కలుపుకుందామని నీళ్ళగ్లాసుకు చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకొని, ఆరిన తన టీ సగం నా గ్లాసులోకి వంచినాడు.