అమ్మను గీసిన ఆవిడ

ఒకప్పుడు మా మేడ మీద కిరాయికున్న ఆస్ట్రేలియా చిత్రకారిణి పోయిందని పొద్దున ఆవిడ కూతురు ఫోన్లో రాసింది. నిద్రలోనే పోయిందట. మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. స్నానం చేసి, బడికి వెళ్లి, పిల్లలకు ఇంగ్లిష్ పాఠం చెప్పి వచ్చాను. సాయంత్రం దాకా అమ్మకు చెప్పలేదు.

ఆవిడ మనుషుల మొహాలు గీసేది. గొర్రెలు పెంచుకునే ఇంట్లో పుట్టి, చాలాకాలం నర్సుగా పనిచేసి, నడివయసులో కుంచె పట్టింది. "పేరున్నవాళ్లను గీసేవాళ్లు చాలామంది ఉన్నారు" అంటూ బస్సు డ్రైవర్లనూ పక్కింటి ముసలమ్మలనూ గీసేది. వాళ్ల ఊళ్లో టాక్సీ నడిపే కోదాడ కుర్రాడొకడు ఆవిడ ముందు కూర్చున్నప్పుడు, కోదాడ పక్కనే మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన తన తండ్రి గురించి చెప్పాడట. ఆ మాట పట్టుకుని, అక్కడి కూలీలను గీయడానికి కొన్నేళ్ల కిందట ఇంతదూరం వచ్చి, కోదాడలో మా ఇంట్లో దిగింది.

గీసేముందు చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చునేది. ఎదుటివాళ్లు నవ్వితే కుంచె దించేసేది. "నవ్వు ఫోటోకు చాలు. నవ్వయిపోయాక ఉండే మొహం నాకు కావాలి" అనేది. పనిలో పడి కుంచెను చాయ్ గ్లాసులో ముంచేది. ఆ చాయే తాగేది కూడా. ఆవిడకొచ్చిన తెలుగు కొంచెమే. జర ఆగు, కదలకు, మంచిగుంది, ఇట్లాంటివి. మిగతాదంతా నేను చెప్పాల్సిందే.

ఆ ఏడే, సిమెంటు లారీ తోలే మా అన్న హైవే మీద ప్రమాదంలో పోయాడు. అమ్మకు అన్నం సయించకుండా పోయింది. ఒకరోజు అన్న ఫోటో పట్టుకుని మేడెక్కింది. వెనకే నేను.

"అక్కా, నా కొడుకును గీయి. గోడకు పెట్టుకుంట."

ఆవిడ ఫోటో తీసుకుని, చూసి చూసి, తిరిగిచ్చేసింది. తాను చూడని మనిషిని గీయలేనంది. ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మకు చెప్పకుండానే అర్థమైంది. దిగి వచ్చేసింది. ఆ తర్వాత మెట్ల దగ్గర ఆవిడ ఎదురైతే తల తిప్పుకునేది.

కొన్నాళ్లకు ఆవిడే కిందికొచ్చి, అమ్మ ముందు నేల మీద కూర్చుంది. "మిమ్మల్ని గీస్తాను. మీరు అబ్బాయి గురించి చెబుతూ ఉండండి" అని నాచేత చెప్పించింది.

"నా మొఖంల ఏముందని గీస్తదిరా?" అంది అమ్మ. కానీ మర్నాడు తల దువ్వుకుని పైకెళ్లింది. అన్న చిన్నప్పటి ఆగడాలన్నీ చెప్పుకొచ్చింది. కాసేపయ్యాక, నువ్వు ఇంగ్లిష్‌లో చెప్పనక్కర్లేదని ఆవిడ నాకు సైగ చేసింది. అమ్మ తెలుగులో చెబుతూనే ఉంది, ఆవిడ గీస్తూనే ఉంది.

బొమ్మ పూర్తయ్యాక అమ్మ దాని ముందు నిలబడింది.

"దీంట్ల వాడు లేడు."

"లేడు" అంది ఆవిడ, తెలుగులోనే.

అమ్మ ఇంకాసేపు చూసింది. "నేను గింత ముసలిదాన్నయిన్నారా?" అని నన్నడిగింది. కిందికి దిగి, అన్నం పెట్టమంది.

బొమ్మ మీరే ఉంచుకోండి అంది ఆవిడ. అమ్మ ఒప్పుకోలేదు.

"గీడ గోడకేస్తే దండేస్తరు. నేనింకా బతికే ఉన్న. నీ తాననే ఉండనీ అక్కా."

అట్లా అమ్మ బొమ్మ ఆస్ట్రేలియా వెళ్లింది.

సాయంత్రం అమ్మకు విషయం చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"ఆమె బొమ్మ ఎవలన్న గీసిన్రా?"

"తెల్వదమ్మా."

ఫోన్లో ఆవిడ ఫోటో కోసం వెతికాను. ఒక్కటే దొరికింది. మొహం కాన్వాసు వెనకుంది. కనబడేదల్లా కుంచె పట్టిన చెయ్యి. అమ్మ చాట పక్కన పెట్టి, ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకుని, ఆ చేతినే చూస్తూ కూర్చుంది.