ఖాళీ వల చూపించిన బెస్త

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది తొలివానలకు మెదక్ వెళ్ళాను. దారిలో ఒక ఊరి బయట వాగు పొంగి బస్సు ఆగిపోయింది. వాగుకు ఇటు సర్కారు ఊరు, అటు జాగీరు. ఒడ్డున ఒక ముసలి బెస్త, పొద్దుటినుంచి చిక్కిన ఒకే ఒక్క చేపను నీళ్ళలోకి వదిలేసి, ఖాళీ వలను తలపైకెత్తి పట్టుకున్నాడు.

"ఏ దేవుడికయ్యా ఈ మొక్కు?" అన్నాను వెటకారంగా.

"దేవునికెందుకు పంతులూ, గా జాగీరోళ్ళకు సూపిస్తున్న. గుడ్ల మీదున్న చేపను గీ ఒడ్డున గాని, గా ఒడ్డున గాని పట్టొద్దనుకున్నం. రజాకార్ల లడాయిల గూడ మాట తప్పలే."

"చేపల మీదున్న పావురం, పేమ నా మీద లేదు. ఇయ్యాల గూడ ఉత్త చారే," అంది ఖాళీ బుట్టతో నిలబడ్డ అతని భార్య.

అంతలో అవతలి ఒడ్డున ఎవరో ఖాళీ వల పైకెత్తారు. అది చూసి ఆవిడా నవ్వేసింది.

ఆచారమంటే మూఢత్వమేనని సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. అంత హేతువున్న ఆచారాన్ని మళ్ళీ ఒక్కసారి చూడాలని ఇప్పటికీ ఉంది.