గోడాయన మూయని అకౌంటు

ఆఫీసులో అందరూ అతన్ని గోడాయన అనేవారు. ఇరవై రెండేళ్లుగా కంపెనీ కంప్యూటర్లకు కాపలా అతనే. బయటినుంచి వచ్చే ప్రతిదాన్నీ ఆపి తనిఖీ చేసే ఫైర్‌వాల్ అనే గోడను కన్నబిడ్డలా చూసుకున్నాడు. అతని సిద్ధాంతం ఒక్కటే: గోడ బయట ఉన్నవాడు దొంగ, లోపల ఉన్నవాడు మనవాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత పాపం అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ గోడను అతనితో కలిసి నిలబెట్టిన స్నేహితుడు మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. పోయినవాడి ఆఫీసు మెయిల్ అకౌంటు వెంటనే మూసేయాలి. చేతులు రాక వాయిదా వేస్తుండగా, స్నేహితుడి భార్య ఫోన్ చేసింది. రోజూ ఆయనకు ఒక మెయిల్ రాస్తోందట. ఆ తర్వాత ఆయన పాస్‌వర్డ్‌తో తనే తెరిచి, ఆయన చదివినట్టు చేస్తోందట.

"పిచ్చిదాన్ననుకోకండి అన్నయ్యగారూ. అది మాత్రం తీసేయకండి."

"తీయనులే చెల్లెమ్మా," అన్నాడు. ఎంతైనా మన మనిషే కదా అనుకున్నాడు.

ఈలోగా 'లోపల' అనేదే లేకుండా పోయింది. జనం ఇళ్లనుంచి పనిచేస్తున్నారు, ఫైళ్లేమో ఎక్కడో అద్దె కంప్యూటర్లలో ఉన్నాయి. గోడాయన ఒక్కడే రోజూ ఆఫీసుకొచ్చి, ఖాళీ గదిలో ఫైర్‌వాల్ పెట్టె మీద దుమ్ము తుడిచేవాడు. ఒకరోజు ఆ చనిపోయినవాడి అకౌంటుకు కంపెనీ పేరుతో దొంగ మెయిల్ వచ్చింది. పాస్‌వర్డ్ అడిగితే ఆవిడ నమ్మి ఇచ్చేసింది. దాంతో దూరినవాళ్లు ఖాతాదారుల వివరాలన్నీ ఊడ్చుకుపోయారు.

భద్రత చూడటానికి కొత్తగా వచ్చిన అధికారిణి అతన్ని పిలిచింది.

"ఇకమీదట లోపలా బయటా అని లేదండీ. ఎవరు ఏ ఫైలు తెరవబోయినా వాళ్ల ఫోన్‌కి కబురెళ్తుంది, అవును నేనేనని వాళ్లు ఒప్పుకోవాలి. మరి ఈ పోయినాయన ఫోన్‌లో ఎవరు ఒప్పుకుంటారు?"

అధికారిణి మెమో అతని ముందుకు జరిపింది.

"ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదు?"

"మర్చిపోయానండీ."

ఇరవై రెండేళ్లలో ఏదీ మర్చిపోని మనిషి ఆ ఒక్క అబద్ధం ఆడి, మెమో పుచ్చుకుని బయటికొచ్చాడు. స్నేహితుడి భార్య ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే అకౌంటు తీసేశాడు. స్వయంగా వెళ్లి చెబుదామని ఆవిడ ఇంటి మలుపుదాకా నడిచి, వెనక్కి తిరిగాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఇలాంటి మాటలు రేపటికి ఆగుతాయా?

మర్నాడు ఉదయం ఆవిడే ఫోన్ చేసింది.

"నా మెయిల్ వెనక్కొచ్చేసింది అన్నయ్యగారూ. ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని రాసుంది."

"నేనే వచ్చి చెబుదామనుకున్నానమ్మా..." అతనికి ఏడుపొచ్చింది.

"పర్లేదండీ," అందావిడ. "ఆయన పోయారని అప్పట్లో డాక్టరు చెప్పారు, మీరంతా చెప్పారు. నాకు ఎక్కలేదు. ఇవాళ చదివాక ఎక్కింది."