చెప్పుల దగ్గర మొదటి వంతు

నా చిన్నప్పుడు మా ఇంటివాళ్ళు ఎక్కడికి బయల్దేరినా సగం వంటిల్లు వెంట వచ్చేది. కిరసనాయిలు పొయ్యి, గిన్నెలు, బియ్యం, ఊరగాయ జాడీ, ఆ జాడీ మూతికి కట్టిన గుడ్డ ఊడితే మళ్ళీ కట్టడానికి ఇంకో గుడ్డ. తిరువూరు బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. కొట్టు మూయడమంటే మా తాతయ్యకి ప్రాణం మీదికొచ్చినట్టుండేది. అందుకని ఎప్పుడో ఓసారి మూస్తే, ఆ ఒక్క ప్రయాణంలోనే లోకమంతా చూసి రావాలనేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఉగాది వెళ్ళి ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, అందరం సముద్రానికి వెళ్దామన్న మాట వచ్చింది. బందరులో మా బాబాయి స్నేహితుడి ఇల్లు ఖాళీగా ఉందట. అక్కడ దిగి, రెండు రోజులు మంగినపూడి ఒడ్డున హాయిగా గడిపి రావచ్చు. హాయిగా అన్న మాట ముందు అన్నది మా తాతయ్యే. అంటూనే పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి జాబితా రాయడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. బెజవాడలో ఇద్దరు చుట్టాలు, బందరులో మరో ముగ్గురు. దారిలో రెండు గుళ్ళు, ఓ పెళ్ళిచూపులు. సముద్రానికి మిగిలింది రెండో రోజు సాయంత్రం ఓ గంట. ఆ పక్కనే నాన్నమ్మ చెప్పగా రాసిన వంట సామాను, బారెడు.

ఆ ఆదివారం విస్సన్నపేట నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి చెల్లెలు, అక్కడ బడిలో టీచరు. గట్టిగా అరిచే మనిషి కాదు గానీ, ఆవిడ నిదానంగా ఒక ప్రశ్న అడిగిందంటే మా తాతయ్య కూడా కళ్ళజోడు సర్దుకునేవాడు. జాబితా అంతా చదివి పక్కన పెట్టి, మామిడి పిందె ఉప్పుకారంలో అద్దుకుంటూ, ఓ ఆట ఆడదాం రండి అంది. సముద్రం దగ్గర ఎవరికి ఏది బాగా నచ్చిందో ఒక్కొక్కరూ చెప్పాలట. మేము అంతకుముందు మూడుసార్లు పున్నమి స్నానాలకి వెళ్ళి ఉన్నాం. నేను అలల్లో పల్టీలు కొట్టానని చెప్పాను. నిజానికి అల వచ్చి నన్నే పడేసింది. తమ్ముడు గవ్వలన్నాడు. నాన్న ఇసుకలో కునుకు తీయడమన్నాడు. చివరికి వంతు మా అమ్మకి వచ్చింది.

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్ళు. ఉండకేం, ఉంది. దాన్ని కదిపే సందు మేమివ్వలేదంతే. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వేసి, "సామానేమో సరుగుడు తోటలో పెడతాం కదమ్మాయ్. అక్కణ్ణించి హోరు వినపడుద్ది. మీ అందరి చెప్పులూ ఎక్కడెక్కడ అరిగాయో అడుగు, చెప్తాను" అంది.

అందరం పడీ పడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. మరి స్నానం మాటేంటి వదినా అని అడిగింది. నాన్నమ్మే అందుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోశాంగా, పుణ్యం వచ్చేసిందిగా అంది. అప్పుడు నాన్న నవ్వు ఆగిపోయింది. మూడుసార్లు సముద్రానికి వెళ్ళిన మా అమ్మ సముద్రాన్ని చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

అత్తయ్య పెన్సిలు తీసుకుంది. చుట్టాలు పోయారు, గుళ్ళు పోయాయి, పెళ్ళిచూపులు మరో వారానికి మారాయి. పొయ్యి దగ్గరకొచ్చేసరికి నాన్నమ్మ లేచి, హోటలు కూడు తినాలా అని గొడవకి దిగింది. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఈ పొయ్యెందుకమ్మా? కావాలంటే తీసుకెళ్దాం. ఈసారి వదిన బదులు నువ్వు వండు" అంది అత్తయ్య. నాన్నమ్మే పొయ్యి కొట్టేయమంది. బందరు హోటల్లో రెండుసార్లు సాంబారు పోయించుకుందని కూడా చెప్పాలి.

సామాను పోయినా చెప్పులు మిగిలాయి. వాటి దగ్గర ఎవరో ఒకరు కూర్చోక తప్పదు. దానికి అత్తయ్య వంతులు రాసింది. మొదటి వంతు నాది. నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. నేనే ఎందుకు కూర్చోవాలని కాళ్ళు నేలకేసి కొట్టాను. "మూడుసార్లూ నీ చెప్పులు ఎవరు చూశారే?" అని మాత్రం అడిగి, అత్తయ్య మళ్ళీ పిందె కొరుక్కుంది.

మంగినపూడిలో దిగగానే అమ్మ అలవాటుకొద్దీ చెప్పులన్నీ ఏరి కుప్పగా పెట్టి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోబోయింది. అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది. తన వాచీ విప్పి నా చేతికి పెట్టి, పెద్దముల్లు ఆరు మీదికి వస్తే నీ వంతు అయిపోయినట్టే, పరిగెత్తుకొచ్చెయ్ అంది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే అందరి వీపులే కనపడతాయి. నవ్వులు వినపడతాయి గానీ ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ముల్లు వంక చూశాను. అది కదిలితే ఒట్టు.

అమ్మ నీళ్ళ అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. అల వచ్చి పాదాల మీదుగా పోగానే కెవ్వుమంది. మా అమ్మ అలా అరవగలదని నాకు తెలియదు. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి, మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి అలాగే నిలబడిపోయింది. ఎవరినీ పిలవలేదు, ఎవరికీ ఏమీ అందించలేదు. నేను వాచీ సంగతే మర్చిపోయి చూస్తున్నాను.

ఇంతలో ఏం గుర్తొచ్చిందో, ఒక్కసారి వెనక్కి తిరిగి నా దగ్గరకి గబగబా వచ్చేసింది. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది, మొహమంతా ఉప్పునీళ్ళు. "పాపం ఎంతసేపు కూర్చుంటావే, నీ వంతు అయిపోయుంటది, వెళ్ళు" అంటూ చెప్పుల పక్కన చతికిలబడబోయింది. ముల్లు ఆరు దాటి ఏడు మీదికొచ్చింది. నేను వాచీని గుప్పిట్లో మూసేసి, "ఇంకా అవలేదమ్మా, నువ్వెళ్ళు" అన్నాను.

అబద్ధమాడినందుకు నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఈ ఏడు మా మనవలు సూర్యలంక వెళ్దామని ఫోన్లు పట్టుకుని గదులు వెతుకుతున్నారు. నిన్న నన్ను సలహా అడిగారు. గది సముద్రం వైపు ఉందా లేదా అన్నది నాకక్కర్లేదు. మన వాళ్ళలో సముద్రాన్ని సరిగ్గా చూడనిది ఎవర్రా అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మొదటి వంతు నాకు రాయమన్నాను.