రాజధానిలో మా కొట్టం

మొన్న ఆదివారం మా మనవరాలు భోజనాల బల్ల మీద ఫోను పెట్టుకుని బెంగుళూరు ఉద్యోగం సంగతి తేల్చడానికి కూర్చుంది. జీతం ఇంత, ఆదాయపు పన్ను ఇంత, అక్కడి వృత్తిపన్ను ఇంకొంత, ఇంటద్దె ఇంత, ఇంట్లో కాలు పెట్టకముందే కట్టాల్సిన అడ్వాన్సు ఇంత అని వేలితో నొక్కుతూ పోయింది. చివరికి ఫోను బోర్లించి, "ఇంతా చేస్తే ఈడ కడపలో ఉండి చేసేదానికీ దానికీ తేడా ఏమీ లేదు జేజీ. ఆ ఊర్లో మనం బతకలేం" అంది. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వినందుకు దానికి కోపమొచ్చింది. ఏం చెయ్యను, ఆ పిల్ల ముఖంలో అచ్చం మా నాన్న కనబడ్డాడు. ఆయన కూడా ఇదే లెక్క వేసి ఇదే మాట అన్నాడు. కాకపోతే బెంగుళూరు గురించి కాదు, కర్నూలు గురించి. కర్నూలు ఒకప్పుడు మాలాంటి వాళ్లు తలెత్తి చూడలేనంత ఖరీదైన ఊరంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజులవి. నాన్న కడపలో సర్కారు గుమాస్తా. కొత్త రాజధానిలో పై మెట్టు ఉద్యోగం ఇచ్చి పంపించారు. ఆఫీసులకే ఇళ్లు లేక గుడారాలు వేస్తే, గుమాస్తాలకు ఇళ్లెక్కడివి? నాన్న కూడా ఒక గుడారంలో మరో నలుగురితో కలిసి ఉంటూ, హోటల్లో తింటూ, మిగిలింది మాకు పంపేవాడు. మిగిలేది తక్కువ, ఉత్తరంలో ఎండ గురించి రాసేది ఎక్కువ. కర్నూలు ఇళ్లవాళ్లు మద్రాసు అద్దెలు అడుగుతున్నారని, అదేమంటే మునిసిపాలిటీ ఇంటిపన్ను పెంచిందని చెబుతున్నారని రాసేవాడు. మేమేమో కడపలో తాతగారింట్లో అద్దె లేకుండా ఉన్నాం. అద్దె లేదు నిజమే, కానీ ఆ ఇంట్లో అమ్మకు తనదంటూ ఒక పొయ్యి కూడా లేదు. అత్తగారు కొలిచిస్తే వండాలి, తోడికోడళ్లు తిని లేచాక కూర్చోవాలి. ఒక్క గదైనా చాలు, దాని తలుపు తాను మూసుకుని తాను తీసుకోవాలన్నది అమ్మ కోరిక. బయటికి అనేది కాదు గానీ, ఇంట్లో మూలమూలకూ తెలుసు.

ఉగాదికి నాన్న కడప వచ్చినప్పుడు అమ్మ బండల మీద చింతగింజలు పోసింది. కాగితం మీద లెక్క అమ్మకు నచ్చేది కాదు. కాగితం మీద రాస్తే డబ్బు ఉన్నట్టే ఉంటుంది, గింజలైతే తీసినకొద్దీ తగ్గడం కళ్లకు కనబడుతుందని ఆమె వాదం. జీతమంతా ఒక కుప్ప. అందులోంచి వృత్తిపన్ను తీసింది, బియ్యానికి, జొన్నలకు తీసింది, నా బడికి, తమ్ముడి పాలకు తీసింది. ఇక అద్దెకు తియ్యమని నాన్నతో అంటే, ఆయన రెండు చేతులతో పెద్ద కుప్ప లాగి పక్కన పెట్టాడు. అదీ చాలక బియ్యం కుప్పలోంచి కూడా కొన్ని పోయాయి. నాన్న లేచి కండువా దులుపుకున్నాడు. "చూసినావు గదా. ఆ ఊర్లో మనం బతకలేం మే. పాత పనికి పంపమని సూపరింటెండెంటుకు అర్జీ ఇచ్చేసినా" అన్నాడు. అమ్మ గింజలన్నీ సంచిలోకి ఎత్తి, "అర్జీ ఇచ్చినావు, సరే. ఊరు నేను కూడా ఒకసారి చూస్తా" అంది. అత్తగారు వద్దన్నా వినకుండా మమ్మల్ని వెంటేసుకుని బస్సెక్కింది.

కర్నూల్లో సత్రంలో దిగి అమ్మ మూడు రోజులు ఇళ్లు వెతికింది. గది అనగానే అందరూ ఆకాశమంత ధర చెప్పారు. చివరికి పాతూర్లో ఒక ముసలి బీబీ ఇంటి ముందు ఆగింది. ముందువైపు పెద్ద మిద్దెలో అద్దెకుండేది ఎవరో కాదు, నాన్న అర్జీ ఇచ్చిన సూపరింటెండెంటే. కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన. వెనక ఎద్దులు కట్టే కొట్టం ఉంది. ఎద్దులు అమ్మేసి ఏళ్లయింది. గోడలు గట్టివే, పైన మట్టితో కప్పిన మిద్దె మాత్రం గడ్డి మొలిచి, నెర్రెలు విచ్చి ఉంది. మా వైపు మట్టి మిద్దెలన్నిటికీ వానలకు ముందు చౌడు పోయాలి. చౌడంటే ఊరి బయట దొరికే తెల్లటి ఉప్పుమన్ను. పొడిగా పరిచి పెడితే మొదటి వానకు కరిగి నెర్రెల్లోకి దిగి బిగుసుకుంటుంది, ఇక చుక్క నీరు దిగదు. ఆ ఏడు కూలోళ్లంతా సర్కారు కట్టడాల పనికి పోయారు. చౌడు తవ్వేవాళ్లు లేరు, తోలేవాళ్లు లేరు. బీబీ ఎక్కువ కూలిచ్చి ముందు మిద్దెకు మాత్రం పోయించగలిగింది. వెనక కొట్టం గురించి ఆశ వదులుకుంది.

అక్కడే ఒక ముచ్చట జరిగింది. సూపరింటెండెంటు గారి భార్యకు ఎండాకాలం మిద్దె మీద పడుకోవడం సరదా. పైకెళ్లి చూస్తే అంతా తెల్లటి మన్ను. ఇల్లుగలావిడ శుభ్రం చేయించలేదనుకుని పనిమనిషితో అంతా ఊడ్పించి సందులోకి తోయించింది. మేం వెళ్లేసరికి బీబీ ఆ కుప్ప పక్కన తల పట్టుకుని కూర్చుని ఉంది. "యా అల్లా, బంగారమసుంటి చౌడు ఊడ్సి పారేసినారు గదా! మళ్లా ఎత్తి పోసేదానికి కూలోళ్లు యాడుండారు!" పైనుంచి ఆ ఇల్లాలు తొంగిచూసి, "అదేంటండీ, మట్టిలో పక్కలేసుకోమంటారా? వానలకింకా టైముంది కదా" అంది. ఆవిడ తప్పు కాదు పాపం, వాళ్లూళ్లో పెంకుటిళ్లు. అమ్మ మాత్రం ఆ కుప్పను ఒకసారి, కొట్టాన్ని ఒకసారి చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

"బీబమ్మా, నీ కొట్టం నాకిస్తావా? ఈ చౌడు నేనే ఎత్తి పోసుకుంటా" అంది. బీబీ నోరెళ్లబెట్టి, తేరుకుని, గది అద్దెలో సగం అడిగింది. ఇంటిపన్ను కట్టాల గదా బేటీ అంది. అమ్మ వెంటనే, "ఎద్దులు కూడా పన్ను కడతాండాయా ఏంది? కొట్టానికి పన్ను యాడుండాది?" అనేసరికి ముసలామెకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే అద్దె పావుకు దిగింది.

సాయంత్రం నాన్న గుడారం నుంచి వచ్చేసరికి అమ్మ కొంగు నడుముకు దోపి, మిద్దె మీద గడ్డి పీకుతోంది. నేను తట్టలు అందిస్తున్నాను. నాన్న ముఖం కందగడ్డ అయింది. "సూపరింటెండెంటు ముందర నా పెండ్లాం మన్ను మోస్తాందంటే నా పరువేం కావాల?" అన్నాడు. అమ్మ పైనుంచే, "నీ పరువు గుడారంలో భద్రంగా పెట్టుకోయ్యా. నాకు మాత్రం ఇల్లు కావాల" అంది. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. మొదటి వానకు కొట్టం కారితే మారుమాటాడకుండా కడపకు. కారకపోతే అర్జీ వెనక్కి. అమ్మ ఆ చౌడంతా పరిచి, గోడలకు సున్నం వేసి, ఎద్దులు మేత తినే గాడిలో బియ్యం డబ్బాలు సర్దింది. మూలన తన పొయ్యి తాను పెట్టుకుంది. ఆ రోజు వండిన జొన్నసంకటి కొంచెం అడుగంటింది. అమ్మ దాన్నే మెచ్చుకుంటూ తినింది.

వాన ఎవరినీ అడిగి రాదు. రోహిణి కార్తెలోనే, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందు దుమ్ము లేచి, తర్వాత కుండలతో కుమ్మరించినట్టు పట్టుకుంది. మేం నలుగురం తలెత్తి కప్పునే చూస్తూ కూర్చున్నాం. నాన్న అరచెయ్యి చాపి మరీ కూర్చున్నాడు, చుక్క పడితే పట్టుకుని చూపించాలని. ఒక దూలం పక్కన తడి మెరిసినట్టయింది. ఆ తడి అక్కడే ఆగిపోయింది, కిందికి దిగలేదు. అంతలో తలుపు చప్పుడైంది. తీస్తే సూపరింటెండెంటు, ఆయన భార్య, పరుపుచుట్ట, ట్రంకుపెట్టె, అందరూ తడిసి ముద్దయి ఉన్నారు. ముందు మిద్దె ప్రతి గదిలో కారుతోందట. అమ్మ వాళ్లను లోపలికి పిలిచి, పొడిగుడ్డలిచ్చి, కాఫీ పెట్టింది. ఆ ఇల్లాలు కప్పుకేసి చూసి, "ఆ మట్టేనా అండీ ఇది?" అంది. అమ్మ, "అదేనమ్మా. వాన తగ్గినాక రాండి, మీ మిద్దె మీద కూడా ఇద్దరం కలిసి పోసుకుందాం" అంది. అన్నట్టుగానే మరుసటి వారం ఊరి బయటి నుంచి చౌడు తెచ్చి, కొంగులు దోపుకుని ఇద్దరూ పోశారు.

సూపరింటెండెంటు గాడి అంచు మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ, "మీ అర్జీ నా బల్ల మీదే ఉందండీ, ఇంకా పైకి పంపలేదు" అన్నాడు. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ పొయ్యి ఊదుతోంది, వినబడనట్టే. "చింపేయండి సార్" అన్నాడు నాన్న. అమ్మ ఊదడం ఆపి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పొగ" అంది. ఆ పూట మా పొయ్యిలో పొగే లేదు.

ఆ నెల జీతం రాగానే అమ్మ మళ్లీ చింతగింజలు పోసింది. పన్ను కుప్ప, బియ్యం కుప్ప, బడి కుప్ప, పాల కుప్ప, అద్దెకు చిన్న కుప్ప. అన్నీ తీశాక ఒక గుప్పెడు మిగిలాయి. అమ్మ వాటిని లెక్కపెట్టలేదు. నేరుగా పెనం మీద వేసి, దోరగా వేయించి, పొట్టు కొట్టి మా చేతుల్లో పోసింది. కటకటా నమిలాం. రాజధాని నగరంలో మా మిగులంతా ఆ పూటే తినేశాం!

రెండు మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, కర్నూలు అద్దెలు దబ్బున కూలాయి. అమ్మ చింతగింజల సంచి ఎత్తుకుని నాన్న వెంట అక్కడికీ వెళ్లింది. ఇదంతా విని మా మనవరాలు, "బాగుండాది గానీ జేజీ, బెంగుళూరులో చౌడు యాడ దొరుకుతాది?" అంది. అది నాకేం తెలుసు? మా అమ్మకు మాత్రం ముందే తెలుసా ఏంటి, పోయి చూస్తే కదా కనబడింది. ఆ మాటే చెప్పాను. కాసేపటికి అది ఫోను తిప్పి మళ్లీ నొక్కడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో కాలం నా దగ్గర తన పన్ను తాను వసూలు చేసుకుంటూనే ఉంది, అమ్మనూ నాన్ననూ ఆ కొట్టాన్నీ చివరికి నా పళ్లనూ తీసుకుపోయింది గానీ, ఆ వేయించిన గింజల రుచి మీద మాత్రం ఇంకా చెయ్యి వెయ్యలేకపోయింది.