బావ నడక, అక్క నడక

మా అక్క కుట్టుమిషన్ ముందు కూర్చునే సగం జీవితం గడిపేసింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆమె పని కాలర్లు కుట్టడం. ఒకరు చేతులు, ఒకరు జేబులు, ఒకరు కాజాలు కుడతారు. అక్క వంతుకు కాలర్లు వచ్చాయి, అవే స్థిరపడిపోయాయి. అక్కడందరికీ ఆమె కాలరక్క. తొక్కుడు మిషన్లున్న రోజుల్లో కాళ్లకు కాస్తయినా పనుండేది. మోటారు మిషన్లు వచ్చాక అదీ పోయింది. ఇప్పుడు పాదం ఇలా ఆనిస్తే చాలు, బట్ట దానంతటదే పరుగెడుతుంది. మనిషి మాత్రం వంచిన మెడ ఎత్తకుండా సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

ఇంటికొస్తే బావ, అత్తగారు, వంట, గిన్నెలు, ఉతుకులు. ఇదంతా విన్నవాళ్లు "ఇంత పని చేసే మనిషికి వేరే వ్యాయామం దేనికమ్మా?" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను.

బావ ఇన్సూరెన్సు ఆఫీసులో సూపర్‌వైజరు. ఒకసారి ఆ ఆఫీసువాళ్లు ఉద్యోగులకూ వాళ్ల ఇల్లాళ్లకూ వైద్య పరీక్షలు చేయించారు. బావకూ అక్కకూ ఒకే రోజు, ఒకే డాక్టరమ్మ. ఇద్దరికీ బీపీ ఎక్కువే. ఇద్దరికీ రక్తంలో చక్కెర హద్దు మీద నిలబడి ఉంది. ఆవిడ ఇద్దరికీ చెప్పింది కూడా ఒకటే. "రోజూ ఓ అరగంట వేగంగా నడవండి. మానకుండా నడవండి. మందుల సంగతి తర్వాత చూద్దాం."

ఇద్దరూ ఆ మాట విని ఒకే బస్సులో ఇంటికొచ్చారు. గుమ్మం దాటేసరికి ఆ సలహా ఒక్కరిదైపోయింది.

మర్నాటికల్లా బావకు కొత్త బూట్లు, చెమట పీల్చే బనీన్లు వచ్చాయి. పార్కులో వాకర్ల సంఘంలో చేరారు. ఆయన నడక ఇంట్లో ఒక పెద్ద కార్యక్రమమైపోయింది. బయల్దేరేముందు గోరువెచ్చటి నీళ్లు, తిరిగొచ్చాక చక్కెర లేని టీ, తుడుచుకోవడానికి తువ్వాలు, తినడానికి ఉడకబెట్టిన కూరగాయలు. ఇవన్నీ అమర్చడానికి అక్క అంతకుముందు లేచేదానికన్నా ఇంకా ముందు లేవాల్సి వచ్చింది. ఒక మనిషి ఆరోగ్యం కోసం ఇంకో మనిషి నిద్ర కోసేశారన్నమాట! ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడితే అత్తగారు విసనకర్ర అందుకునేది. "పాపం, ఎంత కష్టపడుతున్నాడో నా కొడుకు!"

"మరి నీ సంగతేంటే?" అని అడిగాను అక్కని.

"నడుస్తున్నానుగా" అంది, చూపు తప్పించి.

ఒక సాయంత్రం మా రెండిళ్లూ ఉన్న వీధి మలుపులో కనబడితే అర్థమైంది. వర్క్‌షాపు నుంచి ఇంటికి దగ్గర దారి వదిలేసి, చుట్టుదారిన నడిచి వస్తోంది. చేతిలో మడత పెట్టిన ఖాళీ సంచీ.

"బజారుకా?"

"కాదు."

"మరి సంచీ ఎందుకు?"

"చేతులూపుకుంటూ వెళ్తే ప్రతివాళ్లూ అడుగుతున్నారే, ఎక్కడికి బయల్దేరావని. ఊరికే నడుస్తున్నానంటే నవ్వుతున్నారు. ఎదురింటావిడైతే ఇంట్లో గొడవా అని గుసగుసగా అడిగింది. సంచీ ఉంటే ఎవరూ అడగరు."

బావ రంగురంగుల బూట్లేసుకుని వీధి మధ్యలో నడిస్తే శభాష్ అనే జనం, మా అక్క రెండు కాళ్లు కదిపితే కారణం చూపించమంటున్నారు!

ఆ చుట్టుదారి నడక కూడా ఎంతోకాలం సాగలేదు. ఇంటికి ఆలస్యంగా వస్తోందని అత్తగారు సణిగింది. బావ గడియారం వైపు చూశారు. అక్క మళ్లీ దగ్గర దారి పట్టింది.

ఆ తర్వాత బడులు తెరిచే రోజులొచ్చాయి. వర్క్‌షాపులో ఊపిరి సలపనంత పని. ఒకరోజు బట్టల మూట ఎత్తుకుని మెట్లెక్కుతూ అక్క మధ్యలో ఆగిపోయింది. గుండె దడదడలాడిందట. కళ్లు చీకట్లు కమ్మి, మూట వదిలేసి మెట్టు మీదే కూలబడిపోయింది. తోటివాళ్లు నాకు ఫోన్ చేశారు. నేనూ బావా కలిసి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

బీపీ బాగా పెరిగింది. చక్కెర హద్దు దాటేసింది.

"నడవమన్నానుగా, నడుస్తున్నారా?" అందావిడ.

అక్క నోరు తెరిచేలోపే బావ అందుకున్నారు. "తను ఇంట్లో ఒక్క క్షణం కూర్చోదండీ. పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంటుంది. వేరే నడక ఎందుకని..."

"మీ ఆఫీసులో మీరు తిరగరా?"

"తిరుగుతాను. కానీ అది పని కదండీ."

"ఇదీ పనేనండీ. ఇంటి పని దండగని నేననట్లేదు. కానీ అది నాలుగడుగులేసి ఆగడం, వంగడం, లేవడం. దాంతో ఒళ్లు అలిసిపోతుంది గానీ గుండెకి కావాల్సిన సాధన చాలదు. ఆగకుండా వేగంగా నడిస్తే కండరాలు రక్తంలో చక్కెరని వాడుకుంటాయి. గుండె గట్టిపడుతుంది, బీపీ దిగుతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది. ఈవిడ రోజంతా వంగి కూర్చుని కుట్టే మనిషి. మీకెంత అవసరమో ఈవిడకీ అంతే."

ఈసారి మందులు కూడా రాసింది. అవి వేసుకుంటూనే మెల్లగా మొదలుపెట్టమని, గుండెలో పట్టేసినట్టున్నా కళ్లు తిరిగినా వెంటనే ఆగి తన దగ్గరికి రమ్మని చెప్పింది.

ఆ సాయంత్రం అక్క అందరి ముందూ చెప్పింది. "రేపట్నుంచి పొద్దున్నే నేనూ నడకకి వెళ్తాను."

బావ ఏమన్నారో తెలుసా? మెట్ల మీద కూలబడ్డ పెళ్లాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చిన మనిషి!

"మంచిదే. మరి టీ?"

ఇక నావల్ల కాలేదు. "టీయా బావా? మనిషి చచ్చి బతికితే మీకు టీ గుర్తొచ్చిందా? పొయ్యి వెలిగించడానికి మీ సంఘం అనుమతి కావాలా?"

"నువ్వాగవే" అంది అక్క. ఆమె గొంతు పెరగలేదు. "టీ పొడి పై అరలో ఉందండీ. పాలు ఎక్కడుంటాయో మీకు తెలుసు."

అత్తగారు మూతి ముడుచుకుని గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు అక్క పాత చెప్పులతోనే బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. మొదటి రోజుల్లో పార్కు చుట్టూ ఒక్క చుట్టుకే ఆయాసం. పిక్కలు పట్టేశాయి. బెంచీ కనబడితే చాలు, చతికిలబడేది. అయినా మానలేదు. పోనుపోను మధ్యలో ఆగడం తగ్గింది. తర్వాత బెంచీలను పట్టించుకోవడమే మానేసింది. పడుకోగానే నిద్ర పడుతోందని చిన్నపిల్లలా సంబరపడి చెప్పింది. ఎన్నేళ్లనుంచో వేధిస్తున్న నడుం నొప్పి సర్దుకుంది. కొన్ని నెలలకు డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేసి, మందుల మోతాదు తగ్గించింది. అన్నిటికన్నా నాకు నచ్చింది, అక్క మళ్లీ పకపకా నవ్వడం. ఆ నవ్వు నేను దాదాపు మరిచిపోయాను.

అత్తగారు కొన్నాళ్లు మూతి ముడుచుకునే తిరిగింది. ఒకరోజు అక్క చెమటతో ఇంట్లోకి వస్తుంటే తేరిపార చూసి, "నా మోకాళ్లు అరిగిపోకముందు నాక్కూడా ఎవరైనా చెప్పుంటే బావుండేది" అంది. అక్క ఆవిడ పక్కన కూర్చుంది. కుర్చీలో కూర్చునే కాళ్లు చాచి ఎత్తే కసరత్తులు డాక్టరమ్మనడిగి తెలుసుకొచ్చి నేర్పింది. ఆవిడ మీద నాకున్న కోపం ఆ రోజు కొంత కరిగింది. ఆవిడనీ జీవితమంతా వంటింట్లోనే తిప్పి, అదే చాలన్నారు కదా.

ఇంతలో వాకర్ల సంఘం వార్షికోత్సవం వచ్చింది. ప్రెసిడెంటు గారు బావని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. బావ మైకు పట్టుకుని వ్యాయామం లాభాలు ధారాళంగా చెప్పారు. బాగానే చెప్పారు కూడా. కానీ చివర్లో ఒక మాటన్నారు. "మా ఆవిడ మంచాన పడే పరిస్థితి. నేనే నడకలో పెట్టాను. ఇవాళ ఆరోగ్యంగా ఉందంటే నా పట్టుదలే కారణం."

చప్పట్లు. నా పక్క కుర్చీ ఖాళీ అయింది. అక్క నేరుగా వేదికెక్కి మైకు కోసం చెయ్యి చాపింది. బావ ఇచ్చేశారు, పొగుడుతుందనుకున్నారేమో.

"మా ఆయన మంచివారే. కానీ నన్ను నడకలో పెట్టింది ఆయన కాదు. నేను నడుస్తానంటే ఆయన టీ ఎవరు పెడతారని అడిగారు" అంది. వెనక వరసల్లో ఆడవాళ్లు గొల్లుమన్నారు. "ఇక్కడున్న మగవాళ్లందరినీ ఒక్కటి అడుగుతాను. మీరు పార్కుకొచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరు పొయ్యి దగ్గరున్నారు? ఆవిడకి గుండె లేదా? ఆవిడ రక్తంలో చక్కెర పెరగదా? ఇంటి పనే వ్యాయామమైతే, ఆ మంచి వ్యాయామం మీరు చెయ్యండి. మేం పార్కుకొస్తాం."

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, టిఫిన్లు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించారు.

బావ మొహం మాడిపోయింది. రెండు మూడు రోజులు ముక్తసరిగానే మాట్లాడారు. కానీ ఆ తర్వాతి వారం నుంచి, మేమిద్దరం తప్ప ఆడవాళ్లు కనబడని ఆ పార్కులోకి ఆడవాళ్లు ఒకరొకరుగా రావడం మొదలైంది. ఎదురింటావిడ కూడా వచ్చింది. వర్క్‌షాపులో అక్కా తోటివాళ్లూ కలిసి యజమానితో వాదించి, మధ్యమధ్య లేచి ఒళ్లు విరుచుకునే వీలు సంపాదించుకున్నారు. ఆయన ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు, వీళ్లు లేస్తూనే ఉంటారు.

బావ ఇప్పుడు టీ పెడుతున్నారు. వారంలో సగం రోజులు ఆయన నడిచి వచ్చేదాకా అక్క ఇంట్లో ఆగుతుంది, తక్కిన రోజులు అక్క వచ్చేదాకా ఆయన ఆగుతారు. ఆ టీ గురించి ఆయన ఆఫీసంతా చాటుకున్నారట. "మా ఇంట్లో టీ నేనే పెడతాను" అంటే అందరూ ఆహా ఓహో అన్నారట. ఇన్నేళ్లు మా అక్క పెట్టిన టీకి ఎవరైనా ఒక్కసారి ఆహా అన్నారా?

నిన్న పొద్దున పార్కులో ఇదే అడిగాను. కోపంతో నాకు రొప్పొచ్చింది.

"తిట్టుకుంటూ నడిస్తే ఊపిరందదే" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే. "ముందు నడు, తిట్లు తర్వాత." అప్పటికే నాకన్నా చాలా ముందుంది.