సుందరవల్లి అత్త తిట్టుకు రెండు లైసెన్సులు

మా ఆవిడ అన్న, మా బావ సుధాకరన్‌కు పీలమేడులో మోటర్ కాయిల్ చుట్టే అంగడి ఉంది. డాబా మీది ట్యాంకు నిండగానే ఫోనులో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి, లోపలి కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా పెట్టాడు. షరతు ఒకటే. దాన్ని మార్చి అమ్మేవాళ్ళు తమ మార్పులను అందరికీ చూపాలి. చూపడం ఇష్టం లేనివాళ్ళు డబ్బిచ్చి వేరే లైసెన్సు కొనుక్కోవచ్చు.

ఆరేళ్ళుగా ఎవరూ కొనలేదు. ఈ ఆడి నెలలో ఒక పంపుల కంపెనీ మేనేజరు ఇళంగో కొంటానన్నాడు. ఆ డబ్బుతో కాయిల్ చుట్టే యంత్రం కొనాలని బావ ఆశ. చేత్తో చుట్టీ చుట్టీ ఆయన వేళ్ళు వంకర తిరిగాయి.

కానీ ప్రోగ్రాంలో అరిచే గొంతు బావ మేనత్తది. బోడినాయకనూరులో ఉండే సుందరవల్లి అత్త. "రేయ్, నీళ్ళు వీధిలో పోతా ఉండాయి. ఎవురబ్బ సొత్తురా? ఆపు." అమ్మాలంటే శుక్రవారంలోపు ఆమె సంతకం కావాలి. బదులుగా గంట మోత పెట్టి చూస్తే ఎవరూ కదల్లేదు.

బావ ఫారం వాట్సప్‌లో పంపాడు. అత్త ఫోను చేసి, "నీ చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టేదానికే వాట్సప్‌లో పిలిస్తివి. నేను వస్తినా?" అని పెట్టేసింది.

దాంతో తట్టలో ఆకువక్క, పసుపు, కుంకుమ, అరటిపండ్లు సర్ది, పైన నాలుగు పేజీల లైసెన్సు పెట్టుకుని బయలుదేరాం. పసిబిడ్డను చూస్తే అత్త మెత్తబడుతుందని బావ మమ్మల్నీ లాక్కుపోయాడు. మా పాపకు ఎనిమిది నెలలు. నా సంచిలో రెండు థర్మామీటర్లు, రెండోది మొదటిదాన్ని సరిచూడడానికి.

అత్త తట్ట అందుకుంది. "బిడ్డ చంకలో ఆ పుల్ల తియ్యి మాప్ళే. సంతకం నాది, జ్వరం దానికా?" అని ఇంటి అల్లుణ్ణైన నన్ను కసిరి, బావ వైపు తిరిగింది. "ఊరికే వాడేవాళ్ళకు?"

"ఊరికేనే అత్తా. మార్చి అమ్మేవాళ్ళు చూపాల, అంతే."

"దాచేవాళ్ళు?"

"దుడ్డిస్తారు."

"దాచేదానికి దుడ్డా? మంచి యవ్వారమే. రేపు నువ్వు అందురినీ దుడ్డు అడిగితే?"

"ఇప్పటికే ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకునేదానికి లేదు. అందులోనే రాసుండాది."

అత్త ఆలోచించింది. "దుడ్డిచ్చేవాళ్ళను రేయ్ అంటామా? తప్పు. వాళ్ళకు మర్యాదగా వేరే చెప్తా. సంతకం దానికే. తిట్టు నేను అమ్మను."

బావ ఫోను పట్టుకున్నాడు. అత్త గొంతు సవరించుకుంది. "ఏమండీ, నీళ్ళు పోతా ఉండాయండీ. వీలైతే ఆపండీ." తర్వాత సంతకం పెట్టింది.

కంపెనీ కొనింది, యంత్రమూ వచ్చింది. నెల తిరక్కుండానే ఇళంగో ఫోను చేశాడు. వాళ్ళింటి పంపుకు పెట్టుకున్న ఆ మర్యాదకు ఎవరూ లేవలేదట, నీళ్ళు మెట్ల మీదుగా హాల్లోకి వచ్చాయట.

"ఆ తిట్టేదే వేయండి సార్."

"అమ్మే పంపుల్లో వేస్తే మీ మార్పులు బయట పెట్టాల."

"మా ఇంటికి మాత్రమే సార్."

"ఇంటికైతే ఊరికేనే," అన్నాడు బావ.